పక్క గదిలో చాప

రెండు ప్యాకెట్లూ విప్పకుండా అట్లాగే ఉన్నాయి. కోటేశ్వరమ్మ వాటిని తెచ్చి వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. చీపురు మూలకు ఆనించి, చేతులు కడుక్కుని వచ్చి కోడలి ముఖంలోకి చూస్తూ నిలబడింది.

భార్గవి చేతిలో గరిటె ఆగిపోయింది. పోపులో ఎండుమిరపకాయలు మాడుతున్నాయి. ఆమె కదల్లేదు.

"ఏందివి?" అంది కోటేశ్వరమ్మ.

భార్గవి చూపు పోపు వైపు తిప్పింది.

"నిన్నే అడిగేది. ఏందివి అంటన్నా."

"అవే అత్తమ్మా. నెలకి వాడేవి."

"వాడేవయితే వాడకుండా ఎందుకున్నయ్యి? కార్తీకంలో మా అపర్ణ తెచ్చింది ఇయ్యి. నా చేత్తోనే ఇచ్చా నీకు. నెలనెలా పోయి ఆ గదిలో కూచుని తలస్నానం చేసి వస్తన్నావు. ఒక్కదాని మూతన్నా తియ్యలా."

భార్గవి పొయ్యి ఆపేసింది. ఊళ్లో చాలా ఇళ్లలో ఈ దూరాలు ఎప్పుడో పోయాయి. కోటేశ్వరమ్మ ఇంట్లో మాత్రం పోలేదు. వాషింగ్ మెషీన్ వచ్చింది, డాబా మీదికి డిష్షు వచ్చింది, డిగ్రీ చదివిన కోడలు వచ్చింది. అయినా వసారా చివరి పక్క గదీ, అందులో చాపా, విడిగా ఒక కంచం, ఒక చెంబూ ఉన్నచోటే ఉన్నాయి.

గుంటూరులో కరెంటు పెట్టించుకుని వచ్చినప్పటి నుంచి భార్గవికి నెలలు ఆగిపోయాయి. రేడియేషన్‌ని ఆ వార్డులో అందరూ కరెంటనే అనేవారు. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సరు పుండు ఆ కరెంటుకు మాడిపోయింది. దానితో పాటే ముప్ఫై మూడేళ్లకే నెలలూ పోయాయి. ఇక రావని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ప్రతినెలా పోయి పక్క గదిలో చాప పరుచుకుంది.

ఇప్పుడు ఆ చాప బండారం బయటపడింది. తిట్ల కోసం ఎదురుచూస్తూ తల వంచుకుంది.

తిట్లు రాలేదు. అత్త చెయ్యి వచ్చి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. కోటేశ్వరమ్మ నవ్వుతోంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వుతోంది.

"ఎన్నో నెల?"

"ఏంది అత్తమ్మా?"

"నా దగ్గర కూడా దాస్తావంటే పిచ్చిదానా! నేను చెయ్యని పనా ఇది?" కోటేశ్వరమ్మ గొంతు తగ్గించింది. ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నా తగ్గించింది. "శీకాంతు కడుపున పడక ముందు రెండు పోయినయ్యి నాకు. మా తోడికోడలి చూపు మంచిది కాదు. అందుకని వాడు నిలిచినప్పుడు ఎవురికీ చెప్పలా. మీ మామక్కూడా చెప్పలా. నెల రాంగానే పోయి ఇదే గదిలో చాపేసుక్కూచున్నా. దూరమయిందనే అనుకున్నారు అందరూ. నాలుగో నెల పడిందాకా అట్టా నాటకమాడా. అట్టా నిలబడ్డాడు వాడు."

భార్గవి గరిటె కింద పెట్టింది.

"ఈ సంగతి ఈ నోటితో ఎవురికీ చెప్పలా. సొంత కూతురు అపర్ణకి కూడా చెప్పలా. నీకే." కోటేశ్వరమ్మ కోడలి చెంప తుడిచింది. "నువ్వూ అదే పని చేశావు. నా కోడలివనిపించుకున్నావు."

ఇంత తప్పుగా, ఇంత ప్రేమగా అర్థం చేసుకోవడం కోటేశ్వరమ్మకే చెల్లింది. భార్గవికి ఆ క్షణంలో అత్త మీద కోపం రాలేదు. భయం వేసింది. తిట్టిన అత్తకు నిజం చెప్పడం తేలిక, ముద్దు చేసిన అత్తకు ఎట్లా చెప్పాలి?

"అది కాదత్తమ్మా, మీరు అనుకునేది—"

"కాదనే అంటావు. నేనూ అనేదాన్ని. రాత్రిళ్లు చెమటలు కక్కుతా లేచి కూచుంటన్నావు, చూడటంలా అనుకున్నావా? అడిగితే మిరపకాయల ఘాటంటావు. ఇంటినిండా అందరికీ లేని ఘాటు నీకొక్కదానికేందో!" మళ్లీ నవ్వింది. "సంచి తియ్యకుండా తగ్గించారు, అదే పదివేలు. సంచి ఉంటే చాలని ఎన్ని దేవుళ్లకి మొక్కానో నీకేం తెలుసు. ఒక్కతే పిల్ల అమూల్య, దానికి ఒక తోడు కావాలా వద్దా?"

"బావకి చెప్పారా?"

"చెప్పకుండా ఉంటానా? ఇందాకే ఫోన్ చేశా. కల్లం కాడున్నాడు."

భార్గవి గట్టు అంచు పట్టుకుంది. "ఏమన్నాడు?"

"ఏమంటాడు! మాట రాలా వాడికి. ఊఁ అని పెట్టేశాడు. సంతోషమెక్కువైతే మీ మామా అట్టాగే ఉండేవాడు."

భర్త శ్రీకాంత్ సంతోషం ఎట్లా ఉంటుందో భార్గవికి తెలుసు. అతను ఊఁ అని ఊరుకునే మనిషి కాదు.

"అపర్ణక్కూడా చెప్పా. రేపు పొద్దున్నే పెదకూరపాడు నించి పూలూ పళ్లూ పట్టుకుని వస్తంది," అంటూ కోటేశ్వరమ్మ మాడిన పోపు చూసి తనే మూకుడు దించింది. "రేపు గుంటూరు పొయ్యేది లేదు. ఇట్టాంటప్పుడు బస్సులెక్కుద్దా ఎవురన్నా?"

"చెకప్ అత్తమ్మా. షకీలా పిన్నమ్మ కూడా వస్తంది. నేను లేకుండా ఆమె పోలేదు."

"ఆమెకి కొడుకు లేడా? వాడు తీసకపోతాడు. నువ్వు పోయి పడుకో."

* * *

షకీలా ఇల్లు వెనక వీధిలో. కిటికీ కింద కుట్టుమిషను, పక్కన జాకెట్ల మూట. ఎప్పుడు పోయినా మిషను చప్పుడు వినిపించే ఇల్లది. ఇవాళ వినిపించలేదు. షకీలా మిషను ముందే కూర్చుని ఉంది గానీ కాలు తొక్కడం లేదు. కుర్చీ మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి వేసుకుంది. ముఖం పాలిపోయింది.

"మళ్లీ పడిందా పిన్నమ్మా?"

"ఊఁ. ఇయ్యాల ఎక్కువే. దొడ్డికి పోతే చాలు, రగతమే." షకీలా కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసి గొంతు తగ్గించింది. "మావాడు జానీ అన్నానికొచ్చే టైమయింది. ఆ సంగతెత్తమాక."

షకీలాకు అరవై దాటాయి. ఈమెకూ అదే జబ్బు, అదే ఆసుపత్రి, అదే యంత్రం. పోయిన ఎండాకాలమంతా ఇద్దరూ కలిసే బస్సులో గుంటూరు పోయి వచ్చారు. జబ్బు ఇద్దరికీ తగ్గింది. తగ్గించిన మందు మాత్రం ఇద్దరి ఒంట్లో చెరొక తావు చూసుకుని కూర్చుంది. షకీలాకు కింది పేగు పుండై రక్తం పడుతోంది, పోవాలనిపిస్తే క్షణం ఆగలేదు. బయటికి పోవాల్సిన రోజున ముందు రాత్రి నుంచే అన్నం మానేస్తుంది. సత్తెనపల్లి బస్టాండులో బస్సు ఆగేదాకా భార్గవి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటుంది. మధ్యలో ఆపమని డ్రైవరును అడగడం, ఎవరైనా నవ్వితే వాళ్లను కసిరి కూర్చోబెట్టడం భార్గవి పని.

భార్గవి జరిగింది చెప్పింది. విని షకీలా నిట్టూర్చింది.

"నాకు ముట్లు ఎప్పుడో ఆగినయ్యి. ఆ యంత్రానికి నా దగ్గర పట్టకపోడానికి ఇంకేం లేదు. అందుకని పేగు పట్టుకుంది. నీ వయసులో దానికి చానా దొరికినయ్యి తల్లీ."

"పిన్నమ్మా," భార్గవి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అంది. "నాలుగు వారాలాగి... పోయిందని చెప్తే?"

"ఏంది పోయేది?"

"కడుపు. అత్తమ్మకి రెండు పోయినయ్యంట. నమ్ముతది. నన్నేం అనదు. ఇంక మళ్లీ వద్దని డాక్టర్లు చెప్పారంటే అక్కడితో అయిపోద్ది."

చెప్పేటప్పుడే ఆమెకు సిగ్గేసింది. అయినా చెప్పింది. దారిలో నడుస్తూ ఆ ఆలోచన చేసినప్పుడు గుండె మీద బరువు దిగినట్టయింది మరి.

షకీలా కుర్చీలో సర్దుకుని కూర్చుని, "మీ అత్త నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడుస్తది," అంది. "తన పోయిన పిల్లల్ని కూడా తలుచుకుని ఏడుస్తది. లేని బిడ్డ కోసం ఆమె అట్టా ఏడుస్తంటే నువ్వు చూస్తా పడుకుంటావా? పడుకోగలిగితే చెప్పు."

భార్గవి వేలికి చుట్టిన కొంగు విప్పింది.

"ఇంకోటడుగుతా. కోపం తెచ్చుకోమాక. ఆ గదిలో కూచునేది మీ అత్త కోసమేనా?"

"మరింకెవరి కోసం?"

"నర్సమ్మ ఇచ్చిన ప్యాకెట్టు వాడతన్నావా?"

భార్గవి చూపు నేల మీదికి పోయింది. ఆ ప్యాకెట్టు కూడా విప్పకుండానే ఉంది, బీరువాలో పట్టుచీరల కింద. లోపలి దారి బిగుసుకుపోకుండా వాడుకోమని నర్సు ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టం అది. ఎట్లా వాడాలో నర్సు దాపరికం లేకుండా చెప్పింది. వింటూనే భార్గవి సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికొచ్చాక మొగుడు పక్కన చేరిన మొదటిసారే నొప్పికి దిండు కొరికింది. ఆ తరువాత నుంచి తలనొప్పి, అమూల్యకు జ్వరం, నడుం పట్టేసింది... ఏ సాకూ దొరకని వారం పక్క గది దొరికింది.

"శీకాంతుకి నొప్పని చెప్పావా?"

"ఎట్టా చెప్పేది పిన్నమ్మా!"

"నోటితోనే. నేను మాత్రం ఎట్టా చెప్పాల? మొగపిల్లోడికి, మీ అమ్మకి వెనక నించి రగతం పోతందిరా అని? నమాజుకి కూచుంటే మధ్యలో లేస్తన్నా. మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ, మళ్లీ లేవడం. అల్లాకి తెలుసు నా బాధ. జానీకే తెలవదు."

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నవ్వొచ్చే సంగతి కాదుగానీ షకీలా పెదవుల మీద ఏదో కదిలింది.

"ఇట్టా చేద్దాం. నేను ఇయ్యాల జానీకి చెప్పేస్తా. నువ్వు మీ ఇంట్లో చెప్పు. పొద్దుగూకినాక నేనే ఫోన్ చేస్తా నీకు."

"చెప్పలేకపోతే?"

"చెప్పకపోతే రేపు నీ ప్రయాణం ఆగిపోద్ది. నువ్వు రాకపోతే నేనూ పోను. ఇంక ఈ రగతం ఎంత పోవాలో అంత పోనీ."

అది బెదిరింపో, వేడుకోలో భార్గవికి అర్థం కాలేదు. రెండూ అయి ఉంటుంది.

* * *

శ్రీకాంత్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చొక్కా నిండా మిరప పొట్టు. పంపు దగ్గర ముఖం కడుక్కుంటున్నంత సేపూ తల ఎత్తలేదు. భార్గవి తువ్వాలు అందిస్తే అందుకున్నాడు, ఆమె వైపు చూడలేదు.

కోటేశ్వరమ్మ సేమ్యా పాయసం కాచింది. జీడిపప్పు ధారాళంగా వేసింది. అమూల్య ట్యూషన్ నుంచి ఇంకా రాలేదు.

"ముందు తీపి నోట్లో పెట్టుకోరా," అంటూ కొడుకు ముందు గిన్నె పెట్టింది.

"ఆకలి లేదమ్మా."

"ఆకలికా పెట్టేది? మళ్లీ తండ్రివి కాబోతా తీపి వద్దంటావా!"

శ్రీకాంత్ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. చెంచా ముట్టుకోలేదు. పాయసం మీద మీగడ కడుతోంది. భార్గవి గిన్నె పక్కకు జరిపింది.

"అత్తమ్మా, నాకు కడుపు రాలేదు."

"మళ్లీ మొదలెట్టింది చూడరా—"

"రాలేదత్తమ్మా. ఇంక రాదు కూడా. నాకు నెలలు ఆగిపోయినయ్యి. కరెంటు పెట్టినప్పుడే ఆగిపోయినయ్యి. ఆ గదిలో ఊరికే కూచున్నా. మీరు అడుగుతారని భయపడి కూచున్నా."

కోటేశ్వరమ్మ నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద కాసేపు అట్లాగే నిలబడింది. కోడలిని వదిలి కొడుకును అడిగింది.

"సంచి తియ్యలేదుగా? సంచి ఉందిగా?"

"ఉందత్తమ్మా," భార్గవే చెప్పింది. "మన మెట్టచేలో బోరు ఉంది. పైపులున్నయ్యి, మోటారుంది. అడుగున ఊట లేదు. నా సంగతీ అంతే."

ఆ మాట కోటేశ్వరమ్మకు అర్థమైంది. ఆ బోరు ఎండిన ఏడాది ఆమె చేలో కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఏడవలేదు.

"మరి నా చేత ఎందుకు చెప్పించావే?" అంది చాలా మెల్లగా.

"ఏంది అత్తమ్మా?"

"ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న మాట. నువ్వూ నాలాంటి దానివే అనుకుని నీ ముందు పరిచా. వింటా నిలబడ్డావు. అప్పుడన్నా చెప్పలా."

ఇంక పిల్లలు పుట్టరన్న సంగతి కన్నా, నమ్మి చెప్పిన రహస్యం వింటూ ఊరుకోవడమే అత్తకు ఎక్కువ తగిలిందని భార్గవికి అర్థమైంది. ఒంట్లో ఒక్కసారిగా వేడి లేచింది, మెడ నుంచి తల దాకా చెమట పట్టింది. ఈ వేడి కూడా ఆ కరెంటు ఇచ్చిందే. వచ్చే వేళ చూసుకుని రాదు.

కోటేశ్వరమ్మ లేచి వసారాలోకి పోయింది. పక్క గది తలుపు కిర్రుమంది. ఆమె చాప దులిపిన చప్పుడు, పరిచిన చప్పుడు వినిపించాయి. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వచ్చి కూచో."

"అత్తమ్మా?"

"కూచోమంటన్నా. ఇన్ని నెల్లు నీ కోసం కూచున్నావు, ఇయ్యాల నా కోసం కూచో. పొద్దున్నే అపర్ణ వస్తది. రాత్రే పోయిందని చెప్తా." కొంగు నడుముకు దోపింది. "కడుపు పోవడం అందరికీ పోతది. నాకు పోలా? నలుగురిలో చెప్పుకునే మాట అది. ఇది చెప్పుకునే మాటా? క్యాన్సరొచ్చి కోడలు గొడ్డుపోయిందని చెప్పుకోనా?"

మధ్యాహ్నం తను కావాలనుకున్న అబద్ధమే. ఇప్పుడు అత్త దాన్ని చాప మీద పెట్టి రెండు చేతులా ఇస్తోంది. తీసుకుంటే అపర్ణకు జవాబు చెప్పక్కర్లేదు, వీధికి జవాబు చెప్పక్కర్లేదు. భార్గవి కాళ్లు ఆ వైపు పోతాయేమోనని ఆమెకే భయమేసింది. సాయం కోసం భర్త వైపు చూసింది.

"ఆ చాప తీసెయ్ అమ్మా," అన్నాడు శ్రీకాంత్.

భార్గవి ఊపిరి పీల్చుకుంది.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏంది తెలిసేది?" అంది కోటేశ్వరమ్మ.

"ఈమెకి నెలలు రావని. కరెంటు అయిపోయిన ఆఖరిరోజు నేనూ తోడు పోయా, డాక్టరమ్మ నన్ను విడిగా కూచోబెట్టి చెప్పింది. ఇంక పిల్లలు పుట్టరనీ చెప్పింది."

భార్గవికి ఆ రోజు గుర్తుంది. శ్రీకాంత్ మందుల షాపుకు పోయాడనుకుంది. తిరిగొచ్చి ఏమీ మాట్లాడకుండా సంచీ భుజాన వేసుకున్నాడు. బస్సులో దారి పొడుగునా తన చెయ్యి వదల్లేదు. అలసిపోయాడనుకుంది అప్పుడు.

"తెలిసి నాకు చెప్పలేదా?" కోటేశ్వరమ్మ గుమ్మం పట్టుకుంది. "మొక్కులు మొక్కుతంటే చూస్తా ఊరుకున్నావా?"

"ఈమె చెప్తదని చూశానమ్మా. తన ఒంటి సంగతి, తనే చెప్తే బాగుంటదని."

కోటేశ్వరమ్మ వెనక్కి తిరిగి, పరిచిన చాప మీద తనే కూలబడింది. గోడ వైపు తిరిగి కూర్చుంది.

శ్రీకాంత్ లేచి భార్గవి దగ్గరికొచ్చాడు. అతను గొంతు తగ్గించే మాట్లాడాడు, కానీ ఆ ఇంట్లో తగ్గించిన మాట కూడా పక్క గదిలోకి పోతుంది.

"ఇంక పిల్లలు లేకపోతే లేరు. అమూల్య ఉంది, నువ్వు బతికున్నావు. ఆ లెక్క నేను ఎప్పుడో తేల్చుకున్నా. నాకు అర్థంకాంది ఇంకోటి." అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఘాటుకో మరి దేనికో. "నెలలే రాని దానివి నెలనెలా పోయి ఆ గదిలో తలుపేసుకుంటంటే నేనేం అనుకోవాల? మా అమ్మకి భయపడి పోయావా? నేను పక్కన చేరతానని పోయావా?"

"బావా..."

"నేనంటే అసహ్యమేసిందా? ఒక్కమాట చెప్పు. నిజం చెప్పు."

భార్గవి నోరు తెరిచింది. నొప్పి అన్న రెండక్షరాల మాట. ఇందాక అంత పెద్ద నిజం చెప్పిన నోటికి అది మాత్రం రాలేదు. పక్క గదిలో చాప మీద అత్త వీపు కదలకుండా ఉంది. ఆమె వింటోంది.

గట్టు మీద ఫోన్ మోగింది. ఉప్పు డబ్బా పక్కన, ఆ రెండు ప్యాకెట్ల మధ్య వెలుగుతూ మోగింది. భార్గవి తీసింది.

"చెప్పేశానే తల్లీ!" అవతల షకీలా ఏడుస్తోంది, నవ్వుతోంది. "జానీకి అంతా చెప్పేశా. వెర్రినాయన, నా కాళ్లు పట్టుకుని ఏడిచాడు. రేపు బండి మాట్లాడతానన్నాడు. నువ్వు? నువ్వు చెప్పావా?"

శ్రీకాంత్ ఎదురుగా నిలబడే ఉన్నాడు, జవాబు కోసం. భార్గవి అతని కళ్లలోంచి చూపు తిప్పలేదు.

"సగం చెప్పా పిన్నమ్మా," అంది.